కాటా బరువు బిల్లులోకి రాకపోతే సెట్టింగుల ఫైలును సరిదిద్దడం ఎలా?

దామలచెరువు మామిడి మండీలో తోతాపురి బండ్లు బారులు తీరిన వేళ కాటా మీద బరువు చక్కగా కనిపిస్తున్నా కంప్యూటరు బిల్లులో సున్నా పడుతుంటే, గుమాస్తా లెక్కలు పక్కనపెట్టి, ప్రోగ్రాము ఎలా నడవాలో రాసి ఉండే సెట్టింగుల ఫైలు చదవాల్సి రావడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. కాటా ఏ పోర్టులో (కంప్యూటరుకు బరువు చేరే దారిలో) ఉందో ఎంచుకునే జాబితాను తెర మీదే చూపించడం ప్రోగ్రాము తయారుచేసినవారి బాధ్యత. అలాంటి జాబితా లేని ప్రోగ్రాముతో పోయిన సీజనులో ఒక మండీలో నేను కుస్తీ పట్టాను కాబట్టి, ఆ పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా కాటా యూఎస్‌బీ వైరును ఎవరైనా తీసి వేరే రంధ్రంలో పెట్టారేమో విచారించండి. రంధ్రం మారితే విండోస్ చాలాసార్లు కొత్త పోర్టు సంఖ్య ఇస్తుంది; పాత రంధ్రంలోనే తిరిగి పెడితే ఫైలు జోలికి పోనక్కరలేదు.

అలా కుదరకపోతే, కంప్యూటరుకు కలిపిన పరికరాలను చూపే విండోస్ డివైస్ మేనేజరులో పోర్టుల విభాగం తెరిచి, కాటాకు ఇప్పుడున్న పోర్టు సంఖ్యను కాగితం మీద రాసుకోండి. తరువాత ప్రోగ్రామును పూర్తిగా మూసివేయండి, ఎందుకంటే కొన్ని ప్రోగ్రాములు మూతపడేటప్పుడు పాత విలువలనే ఫైలులో మళ్లీ రాసి మీ మార్పును చెరిపేస్తాయి. ఫైలుకు ఒక నకలు తీసి, పేరులో ఆనాటి తేదీ చేర్చి వేరే ఫోల్డరులో దాచండి; ఇది లేకుండా ముందుకు వెళ్లవద్దు.

ఫైలును వర్డ్‌లో కాకుండా నోట్‌ప్యాడ్‌లోనే తెరవాలి. వర్డ్ కొటేషన్ గుర్తులను వంకర గుర్తులుగా మార్చేయగలదు, వాటిని ప్రోగ్రాము గుర్తించకపోవచ్చు. నేను చూసిన ఫైలులో రెండు వందలకు పైగా వరుసలు ఉన్నా, మాకు కావలసింది ఒక్కటే: పోర్టు పేరు, సమాన గుర్తు, దాని పక్కన కామ్3 (COM3, అంటే 3వ సంఖ్య పోర్టు). అందులో 3ను, కాగితం మీద రాసుకున్న కొత్త సంఖ్య 5గా మార్చాం, అంతే. సెమీకోలన్‌తో మొదలయ్యే వరుసలు సాధారణంగా వివరణలే కాబట్టి వాటిని వదిలేయండి. సేవ్ చేసేటప్పుడు అనుమతి లేదని వస్తే, నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరిచి మళ్లీ మార్చండి.

చివరగా ప్రోగ్రామును మళ్లీ తెరిచి, 20 కిలోల తూకపు రాయిని కాటా మీద పెట్టి, బిల్లులో 20 పడిందని చూసుకున్నాకే రైతు బండిని పిలవండి. ఆ యూఎస్‌బీ రంధ్రం పక్కన ‘కాటా’ అని రాసిన చీటీ అంటించండి.