హోలీల్యాండ్ యాత్రకు పాస్‌పోర్టు: దరఖాస్తు విధానం

మన ప్రాంతం నుంచి వెళ్ళే హోలీల్యాండ్ టూర్లు చాలావరకు మూడు దేశాలు తిప్పుతాయి. జోర్డాన్‌లోని అమ్మాన్‌లో దిగి నెబో కొండ చూస్తారు, యొర్దాను నది దాటి ఇశ్రాయేలులోకి వెళ్తారు, అక్కణ్ణుంచి తాబా సరిహద్దు మీదుగా ఐగుప్తు (ఈజిప్టు)లోని సీనాయికి. వీసాలు, టికెట్లు అన్నీ పాస్‌పోర్టులోని పేరు మీదే వస్తాయి. కాబట్టి ఏజెంటుకు అడ్వాన్సు కట్టకముందే పాస్‌పోర్టు చేతికి రావాలి.

పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో రిజిస్టరై ఫారం నింపాలి. ఎప్పుడూ పాస్‌పోర్టు లేనివారు ‘ఫ్రెష్’, గడువు తీరిందైనా సరే ఒకసారి తీసుకున్నవారు ‘రీ-ఇష్యూ’ ఎంచుకోవాలి. పెద్దలకు 36 పేజీల పుస్తకానికి రుసుము రూ.1,500, తత్కాల్‌కు మరో రూ.2,000. తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా ఆరు నెలల గడువు లేకపోతే రీ-ఇష్యూ చేయించుకోవడమే మేలు.

ఎక్కువ దరఖాస్తులు ఆగేది పేరు దగ్గరే. ‘సర్‌నేమ్’ గడిలో ఇంటిపేరు పూర్తిగా, ‘గివెన్ నేమ్’లో మిగతా పేరు రాయాలి. పొడి అక్షరాలు కుదరవు. ఆధార్‌లో ‘కె. మరియమ్మ’ అని ఉంటే ముందు అక్కడ ఇంటిపేరు పూర్తిగా వేయించుకోండి. పెద్ద వయసు అమ్మలకు ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటిది ఉంటుంది. ఏదో ఒకటి ఖాయం చేసుకుని, గుర్తింపు పత్రాలన్నీ దానికి సరిపోయేలా మార్పించాలి. సంఘంలో అందరూ పిలిచే బాప్తిస్మపు పేరు రికార్డుల్లో లేకపోతే ఫారంలో రాయకండి. పాస్టరుగారిచ్చిన సర్టిఫికెట్ ఒక్కటే పేరు మార్పుకు చాలదు. పుట్టినతేదీ కూడా అన్ని పత్రాల్లో ఒకటే ఉండాలి.

పది పాస్ కానివారి పాస్‌పోర్టు మీద ‘ఈసీఆర్’ ముద్ర పడుతుంది, అంటే కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని. జోర్డాన్ ఆ దేశాల జాబితాలో ఉంది కాబట్టి చాలామంది కంగారుపడతారు. ఆ నిబంధన ఉద్యోగానికి వెళ్ళేవారి కోసం. టూరిస్టు వీసా, తిరుగు టికెట్ ఉన్న యాత్రికులకు అడ్డు కాదు. పైగా 50 ఏళ్ళు దాటినవారికి చదువుతో పనిలేదు, ఫారంలో ‘నాన్-ఈసీఆర్’కు అర్హులమని పెట్టండి.

అపాయింట్‌మెంట్ రోజున పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి ఒరిజినళ్ళు, సంతకం చేసిన జిరాక్సులు తీసుకెళ్ళాలి. అక్కడ ‘A’ కౌంటర్‌లో స్కానింగు, ఫొటో, వేలిముద్రలు; ‘B’లో పత్రాల పరిశీలన; ‘C’లో మంజూరు. తర్వాత పోలీసు విచారణ. ఊరి అడ్రసు ఇచ్చి, హైదరాబాద్‌లో కూతురి ఇంట్లో ఉంటే ‘ఇక్కడ నివాసం లేరు’ అని రిపోర్టు వెళ్ళి ఫైలు ఆగిపోతుంది. ఇప్పుడు ఉంటున్న అడ్రసే ఇవ్వండి.

స్పీడ్ పోస్టులో పుస్తకం రాగానే పేరులో ప్రతి అక్షరం, పుట్టినతేదీ సరిచూసి, ఆ మొదటి పేజీ జిరాక్సునే ఏజెంటుకు ఇవ్వండి. పేరు నోటిమాటగా చెప్పొద్దు. టికెట్ మీద స్పెల్లింగు తేడా వచ్చేది ఎక్కువగా అక్కడే.