ప్రవేశాల ప్రకటనను తిరగరాశాను

పలాసలో మా డిగ్రీ కళాశాల సహాయ కేంద్రంలో ఏటా అదే తంతు. గోడ మీది ప్రకటనను పిల్లలు ఫోటో తీసుకుంటారు, ఆపైన వరుసలో నిలబడి అందులో ఉన్నదే అడుగుతారు. జీడిపప్పు కర్మాగారంలో ఒక రోజు కూలి వదులుకుని వచ్చిన తల్లిని, కాగితాలు సరిపోలేదని రేపు రమ్మనడం నాకు నచ్చలేదు. అందుకే ఆ ప్రకటనను తిరగరాశాను.

ఎక్కువ తిప్పలు పెట్టేది స్థానికత నిబంధన. ‘అర్హత పరీక్షతో ముగియు వరుస నాలుగు విద్యాసంవత్సరములు సంబంధిత స్థానిక ప్రాంతమున అభ్యసించి ఉండవలెను’ అని ఉండేది. ఎవరికి అర్థం కావాలి? దాని బదులు ఇలా రాశాను: ‘తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు ఎక్కడ చదివారు? నాలుగేళ్లూ శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలోనే అయితే మీరు స్థానికులు. 85 శాతం సీట్లు స్థానికులకే. ఆ నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు తీసుకురండి.’ హైదరాబాద్‌కు వలస వెళ్లొచ్చిన కుటుంబాలు మా దగ్గర చాలా ఉన్నాయి కాబట్టి ఇంకో వాక్యం కలిపాను: ‘మధ్యలో వేరే రాష్ట్రంలో చదివి ఉంటే, దరఖాస్తుకు ముందే మమ్మల్ని కలవండి.’

వెబ్ ఆప్షన్లకు, అంటే కావలసిన కళాశాలలను ఆన్‌లైన్‌లో వరుసగా ఎంచుకోవడానికి, రెండు వాక్యాలే: ‘బాగా ఇష్టమైన కళాశాలను పైన పెట్టండి. పైది దొరికితే కింద ఉన్నవాటిని కంప్యూటర్ చూడదు.’

అంటించే ముందు ఇంటర్ పిల్లలతో చదివించి, ఏ కాగితాలు తెస్తారో చెప్పమన్నాను. తడబడిన చోటల్లా మార్చాను. ప్రభుత్వ భాషలా లేదని ప్రిన్సిపాల్ గారు గొణిగారు. అసలు ఉత్తర్వును కింద చిన్న అక్షరాల్లో అతికించాక ఊరుకున్నారు. ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్ కాగితం మిగిలింది.