పిల్లల వృషణంలో గడ్డ: ఏ ఆపరేషన్ ఎప్పుడు, తల్లిదండ్రులు ఏమి అడగాలి

స్నానం చేయిస్తున్నప్పుడు పిల్లవాడి వృషణాల్లో ఒకటి రెండోదానికంటే పెద్దదిగా, గట్టిగా చేతికి తగిలితే, నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. పిల్లల్లో వృషణ కణితి సాధారణంగా నొప్పి లేకుండానే పెరుగుతుంది. ఇలాంటి వాపును మన ఇళ్లలో వెంటనే బుడ్డ అనో వరిబీజం అనో అంటారు. చాలాసార్లు అది నిజమే, ఎందుకంటే పసిపిల్లల్లో నీరు చేరడం మామూలు, కణితి చాలా అరుదు. చీకటి గదిలో టార్చిలైటును వృషణాల తిత్తికి ఆనిస్తే నీటి వాపు ఎర్రగా వెలుగుతుంది, గట్టి గడ్డ వెలుతురును ఆపేస్తుంది. కానీ కణితి చుట్టూ కూడా నీరు చేరవచ్చు కనుక ఆ వెలుగు చూసి ధైర్యపడకుండా స్కాన్ తీయించాలి. ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే అది వృషణం మెలిపడటం కావచ్చు; అప్పుడు గంటల్లోనే, వీలైతే ఆరు గంటలలోపే, ఆపరేషన్ జరగాలి.

అన్నిటికంటే ముఖ్యంగా, స్కాన్ లేకుండా ఆ వాపులోకి సూది గుచ్చి నీరు తీయడానికి గాని, తిత్తి మీద కోత పెట్టడానికి గాని ఒప్పుకోకూడదు. గర్భంలో వృషణం కడుపులో, మూత్రపిండాల దగ్గర తయారై కిందికి దిగుతుంది, అందుచేత దాని రక్తనాళాలూ, కణజాలాల్లోని ద్రవాన్ని మోసే లింఫ్ నాళాలూ కడుపులోకే వెళతాయి. తిత్తి చర్మపు లింఫ్ మాత్రం గజ్జల్లోకి పోతుంది. కణితి క్యాన్సర్‌దైతే, తిత్తి ద్వారా గుచ్చడం వల్ల దాని కణాలకు రెండో దారి తెరిచినట్టవుతుంది. వ్యాధి దశను పైకి లెక్కించవలసి వచ్చి, ఆపరేషన్‌తోనే సరిపోయే పిల్లవాడికి కీమోథెరపీ అవసరం కావచ్చు.

రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్‌తో కూడిన అల్ట్రాసౌండ్ స్కాన్, కొన్ని కణితులు రక్తంలోకి వదిలే ఆల్ఫా ఫీటోప్రొటీన్, బీటా హెచ్‌సీజీ అనే పదార్థాల పరీక్షలు ఆపరేషన్‌కు ముందే జరగాలి. ఆల్ఫా ఫీటోప్రొటీన్ అంకెను చదవడంలో చాలామంది తడబడతారు. అప్పుడే పుట్టిన ఆరోగ్యవంతమైన బిడ్డలో కూడా అది మిల్లీలీటరుకు వేల, పదివేల నానోగ్రాముల్లో ఉంటుంది, పెద్దవారి స్థాయికి దిగడానికి ఎనిమిది నుంచి పన్నెండు నెలలు పడుతుంది. అందువల్ల ఏడాదిలోపు పిల్లల రిపోర్టులో ల్యాబ్ ఎర్ర అక్షరాలతో అచ్చువేసిన అంకెను చూసి బెంబేలు పడకుండా, ఆ వయసుకు అది ఎక్కువా కాదా అని పిల్లల సర్జన్‌ను అడగాలి.

ఏ ఆపరేషన్ అన్నది వయసును, ఈ అంకెను, స్కాన్‌ను కలిపి నిర్ణయిస్తారు. యుక్తవయసు రాని పిల్లల్లో టెరటోమా (పలు రకాల కణజాలాలు కలిసిన గడ్డ), ఎపిడర్మాయిడ్ సిస్ట్ (చర్మపు పొరలాంటి గోడ ఉన్న సంచిలాంటి గడ్డ) వంటి హానిలేని గడ్డలు ఎక్కువగా కనిపిస్తాయి. క్యాన్సర్ రకాల్లో బీజకణాల నుంచి పుట్టే యోక్ శాక్ కణితి ముఖ్యమైనది, దానిలో ఆల్ఫా ఫీటోప్రొటీన్ దాదాపు ఎప్పుడూ పెరుగుతుంది. చిన్న వయసులోనే మీసాలు, మొటిమలు, గొంతు మార్పు కనిపిస్తే హార్మోన్లు తయారుచేసే లేడిగ్ కణ కణితిని అనుమానిస్తారు.

ఆల్ఫా ఫీటోప్రొటీన్ వయసుకు తగినట్టే ఉండి, గడ్డ హానిలేనిదిగా స్కాన్‌లో కనిపించి, చుట్టూ మంచి కణజాలం మిగిలి ఉంటే, వృషణాన్ని కాపాడుతూ గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్ గురించి తల్లిదండ్రులే ముందుగా అడగాలి. గజ్జలో కోత పెట్టి, వృషణానికి వెళ్లే రక్తనాళాలను మెత్తని క్లాంపుతో తాత్కాలికంగా ఆపి, వృషణాన్ని బయటికి తెచ్చి, కొన్నిచోట్ల చుట్టూ మంచుముక్కలు పేర్చి, గడ్డను ఒలిచి తీస్తారు. ఆ ముక్క అప్పటికప్పుడు పాథాలజీ గదికి వెళుతుంది. అక్కడ దాన్ని గడ్డకట్టించి పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూసే పద్ధతినే ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. హానిలేనిదని కబురు వస్తే పొరను కుట్టి వృషణాన్ని తిరిగి తిత్తిలో ఉంచుతారు, క్యాన్సర్ అయితే అదే కోతలో వృషణాన్ని పూర్తిగా తొలగిస్తారు. కాబట్టి తేదీ ఖాయం చేసుకునేముందే ఆ ఆస్పత్రిలో ఫ్రోజెన్ సెక్షన్ ఉందా, ఆ రోజు పాథాలజిస్టు ఉంటారా అని అడగాలి. ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడవద్దు. ఒక్కోసారి పిల్లవాడి వృషణం దక్కడం దీనిమీదే ఆధారపడుతుంది.

అంకె వయసుకు మించి ఉన్నా, గడ్డ వృషణాన్నంతా ఆక్రమించినా, వృషణాన్ని మొత్తంగా తీసే ఆపరేషనే సరైనది. ఇదీ గజ్జ ద్వారానే జరుగుతుంది. వృషణాన్ని కదిలించకముందే దాని తాడును (రక్తనాళాలూ వీర్యనాళమూ ఉండే కట్టను) పైన బిగించి, కడుపులోకి వెళ్లే చోటు వరకు కట్టి కోస్తారు. యుక్తవయసు వచ్చిన అబ్బాయిల్లో టెరటోమా కూడా ప్రమాదకరంగా ప్రవర్తించగలదు గనుక సాధారణంగా పెద్దవారి పద్ధతినే అనుసరిస్తారు. కడుపు వెనుక లింఫ్ గ్రంథులు తీసే పెద్ద ఆపరేషన్ చిన్నపిల్లల్లో అరుదుగానే అవసరమవుతుంది.

ఒక్క వృషణంతో రేపు పెళ్లి, పిల్లలు ఎలా అని తల్లులు కన్నీళ్లు పెట్టుకుంటారు. రెండో వృషణం ఆరోగ్యంగా ఉంటే యుక్తవయసు మార్పులకూ, సాధారణంగా సంతానానికీ అది చాలు. ఎదిగిన తరువాత కృత్రిమ వృషణం అమర్చుకోవచ్చు. క్రికెట్ ఆడేటప్పుడు గార్డ్ తప్పనిసరిగా పెట్టుకోవాలి. యుక్తవయసు అబ్బాయికి కీమోథెరపీ పడేటట్టయితే అది మొదలుకాకముందే వీర్యం భద్రపరచడం గురించి మాట్లాడాలి. ఖర్చు విషయంలో, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఈ చికిత్స వస్తుందేమో ఆస్పత్రిలోని పథకం డెస్క్ దగ్గర చేరకముందే కనుక్కోవాలి.

యోక్ శాక్ కణితి వృషణానికే పరిమితమై, పూర్తిగా తొలగిపోతే, చాలామంది పిల్లలకు వెంటనే కీమోథెరపీ ఇవ్వకుండా పరిశీలనలో ఉంచుతారు. ఏడాది దాటిన పిల్లల్లో ఆల్ఫా ఫీటోప్రొటీన్ సుమారు 5 నుంచి 7 రోజులకొకసారి సగమవుతూ రావాలి. ముందు 1,000 ఉంటే 500, 250, 125 అంటూ దిగి, 10 లోపుకు రావడానికి ఐదు నుంచి ఏడు వారాలు పడుతుంది. దిగడం ఆగినా, మళ్లీ పెరిగినా మిగిలిన వ్యాధిని వెతకాలి. తిరిగి వచ్చిన వ్యాధి కూడా సిస్‌ప్లాటిన్ అనే మందుతో కూడిన కీమోథెరపీకి ఎక్కువమందిలో బాగా లొంగుతుంది. ప్రతి రక్తపరీక్షనూ వీలైతే ఒకే ల్యాబ్‌లో చేయించి, తేదీ, అంకె ఒక నోటుపుస్తకంలో వరుసగా రాసుకుని, తదుపరి పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ ఆ పుస్తకాన్ని డాక్టరు ముందు ఉంచాలి.