ఆక్వాటింట్‌లో అవ్వ ముఖం నల్ల ముద్దలా వస్తోందా?

హన్మకొండ చుట్టుపక్కల పల్లెల్లో గోచీ చీర కట్టే అవ్వల ముఖాలు రాగి ప్లేటు మీద ఆక్వాటింట్‌లో చేస్తుంటాను. అంటే ప్లేటు మీద రోజిన్ (పైన్ చెట్టు జిగురు) పొడి చల్లి కరిగించి, రాగిని తినే ద్రావణంలో ముంచి, పడిన గుంటల్లో సిరా నింపి కాగితం మీద అచ్చు తీయడం. నా మొదటి ప్రింట్లలో చాలావరకు పాడయ్యాయి. చామనఛాయ ముఖంలో ఎంత వెలుగుంటుందో ఎదురుగా కూర్చుంటే తెలుస్తుంది. అచ్చులో అది పోతే ఆ మనిషే పోయినట్టు.

సమస్య: ముఖం, చీర, నీడ అన్నీ ఒకే నలుపు

ప్లేటు ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ఎంతసేపు ఉంటే అంత నలుపు. ఆ టైం కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ఇలాగే అవుతుంది. 10 సెకన్లకూ 20కీ తేడా కంటికి తెలుస్తుంది, 100కీ 110కీ తెలియదు. ఒక్కో మెట్టుకు మొత్తం టైం దాదాపు రెట్టింపు కావాలి. ముందు చిన్న రాగి ముక్క మీద 10, 20, 40, 80, 160 సెకన్లు పెట్టి అచ్చు తీసి చూడండి. ఫెర్రిక్ క్లోరైడ్ వేడెక్కితే రాగిని తొందరగా తింటుంది కాబట్టి, డిసెంబర్‌లో రాసుకున్న లెక్క వరంగల్ మే ఎండల్లో పనికిరాదు.

ముక్కుపుల్ల మెరుపును ముందే వార్నిష్‌తో మూసేయండి, అక్కడ ద్రావణం తినదు. తర్వాత నుదురు, చెంప ఎముక, ఆ తర్వాత ముడతల నీడ. ముఖంలో అతి ముదురు నీడను కూడా కొంగు నలుపు కన్నా ఒక మెట్టు ముందే ఆపేస్తాను. అప్పటికే నల్లబడిపోయి ఉంటే చుక్క నూనె వేసి బర్నిషర్‌తో (నున్నటి ఉక్కు పనిముట్టు) మెల్లగా రుద్దండి. ముడత వెంబడే రుద్దాలి. అడ్డంగా రుద్దితే గీత చెరిగి అవ్వ వయసే మారిపోతుంది.

సమస్య: కొంగు అంచుల్లో నలుపు, మధ్యలో బూడిద రంగు

రోజిన్ పొడి పలచగా పడింది, లేదా సరిగా కరగక ఊడిపోయింది. రోజిన్ గింజల అడ్డు లేక లోహమంతా ఒకే మట్టంగా కరిగితే సిరా నిలవదు. పొడి సుమారు సగం ప్లేటును కప్పాలి. కింది నుంచి వేడి చేస్తుంటే తెల్లటి పొడి గాజులా మారుతుంది. ఆ క్షణమే మంట తీసేయండి. ఇంకాస్త ఆగితే గింజలన్నీ కలిసి పొర కడతాయి, అప్పుడు అచ్చు తెల్లగా వస్తుంది. ఎలా చెడినా స్పిరిట్‌తో తుడిచి మళ్లీ చల్లుకోవాల్సిందే. మాస్కు తప్పనిసరి. రోజిన్ పొడి గాలిలో ఎగురుతుండగా మంట వెలిగించొద్దు, అంటుకుంటుంది.

సమస్య: చెంప మీద తెల్ల మచ్చలు

వేలి జిడ్డు. రోజిన్ చల్లకముందే ప్లేటును సుద్దపొడితో తోమి కడగండి. నీళ్లు పొరలా పరుచుకోవాలి, ముత్యాల్లా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టే.

సమస్య: అంచుల్లో సిరా సరిగా దిగకపోవడం

ఎండాకాలం నానబెట్టిన కాగితం ప్రెస్ దాకా వచ్చేలోపే అంచులు ఆరిపోతాయి. ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంచి, ప్లేటుకు సిరా తుడవడం పూర్తయ్యాకే ఒక్కొక్కటి బయటికి తీయండి.