బిజినెస్ క్లాస్‌లో పక్కపక్కన కూర్చోవాలంటే

ఇద్దరికీ మధ్య సీట్లే తీసుకుంటారు, తీరా ఎక్కాక చెయ్యి చాపినా అందనంత దూరం! అమ్మానాన్నలను అమెరికాకు రప్పించేటప్పుడు ఇది ముందే చూడండి. ఎమిరేట్స్ ఎ380 విమానంలో వరుసకు నాలుగు సీట్లు, 1-2-1: కిటికీల వైపు ఒక్కొక్కటి, మధ్యలో రెండు. మధ్య జంట సీటు నంబర్లలో ఇ, ఎఫ్ అక్షరాలుంటే రెండూ ఆనుకుని ఉంటాయి. డి, జి అయితే నడవా వైపుకి జరిగి, నడుమ బల్లలు వస్తాయి. ఒంటరిగా వెళ్తే ఎ లేదా కె మేలు, అచ్చంగా కిటికీ పక్కనే. బి, జె సీట్లకు కిటికీకి మధ్య బల్ల అడ్డం.

ఒక్క జాగ్రత్త: ఈ లెక్క ఆ విమానానికే. అదే సంస్థ పాత 777లో 2-3-2 వరుస, అక్కడ ఇ అంటే ముగ్గురి మధ్య ఇరుక్కునే సీటు. హైదరాబాద్–దుబాయ్‌కి ఒక రకం విమానం, ఆపైన అమెరికాకు మరొకటి రావచ్చు. బయల్దేరే ముందు రోజు విమానం మారిందేమో మళ్ళీ చూసుకోండి.