అప్పులు కడతా కడతానే కుక్కకీ పిల్లికీ మంచి తిండి పెట్టేదెట్ల

ఇంట్లో అప్పు ఎక్కువైందంటే మొదటి కోత పడేది నోరు లేనోళ్ళ గిన్నె మీదే. "ఆ డాగ్ ఫుడ్ బ్యాగు ఆపేసి మిగిలిపోయిన అన్నం పెడదాం లే, పాతకాలంలో కుక్కలు బతకలేదా" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అనేముందు ఒక్కసారి కాగితం మీద లెక్క రాసి చూడండి, డబ్బు పోతా ఉండేది కుక్క కడుపుకి కావాల్సిన తిండి మీద కాదు, దాని చుట్టూ ఉండే బిస్కెట్లు, గ్రేవీ పౌచ్‌లు, అందాజుగా పోసే జాస్తి గుప్పెడు, పాడైపోయి పారబోసే బ్యాగు అడుగు, వీటి మీదే. అందుకే తిండి క్వాలిటీ తగ్గించొద్దు, చుట్టూ ఉండేది కోసేయండి, కోసిన డబ్బుని అదే నెల అప్పు మీద పడేయండి. ఎట్లనో చెప్తా.

ముందు మీ కుక్కకి ఎంత కావాలో తెలుసుకోవాల. 15 కిలోల నాటు కుక్క, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినది, రోజంతా ఇంట్లోనో వాకిట్లోనో పడుకునేది అయితే రోజుకి సుమారు 850 కేలరీలు చాలు. 10 కిలోలదైతే 630, 20 కిలోలదైతే 1050 దగ్గర. బాగా పరిగెత్తేదానికి రవ్వంత ఎక్కువ, ముసలిదానికి తక్కువ. డ్రై ఫుడ్ మామూలుగా కిలోకి 3500 కేలరీల చుట్టుపక్కల ఉంటాది, బ్యాగు వెనక రాసుంటాది చూడండి, అంటే మన 15 కిలోల కుక్కకి రోజుకి 240 గ్రాములు. ఇప్పుడు మీరు పోసే గ్లాసు ఎంతుందో తూచి చూడండి. చానా ఇళ్ళల్లో అది 300 దాటి ఉంటాది, పైన పొద్దున ఇడ్లీ, సాయంత్రం చపాతీ ముక్క వేరే. తూకం మిషన్ కొనాల్సిన పని లేదు, పక్కన చిల్లర అంగడికి గ్లాసు తీసుకుపోయి ఒక పూటకి ఎంతో అంత తూపించుకుని స్కెచ్ పెన్‌తో గీత గీసుకోండి, పిల్లోళ్ళు పోసినా అమ్మమ్మ పోసినా గీత వరకే.

సరిపోతా ఉందో లేదో కనుక్కునేది కూడా ఈజీనే. పక్కటెముకల మీద చెయ్యి పెడితే మన అరచేతి వెనక వైపు తడిమినట్టు ఎముకలు తగలాల, కానీ దూరం నుంచి లెక్కపెట్టేటట్టు కనపడకూడదు. తగల్లేదంటే జాస్తి పెడతా ఉన్నారని అర్థం, కనపడతా ఉంటే తక్కువ. వారానికొకసారి తడిమి చూసి రవ్వంత అటూ ఇటూ మార్చుకోండి.

ఇప్పుడు రేట్ల సంగతి. ఏ బ్యాగు చౌక అని ఎమ్మార్పీ చూసి చెప్పలేం, రోజుకి ఎంత పడతాదో చూడాల. ఉదాహరణకి 10 కిలోల బ్యాగు 2500 అనుకోండి, కిలో 250, రోజుకి 240 గ్రాములంటే 60 రూపాయలు. ఇంకోటి కిలో 180కే వస్తాది గానీ దాంట్లో కేలరీలు తక్కువుండి 320 గ్రాములు పెట్టాల్సి వస్తే అది కూడా రోజుకి 58 అయిపోతాది, పైగా వాకిట్లో ఎత్తాల్సిన పెంట జాస్తి. బ్యాగు మీద కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్ (అంటే కావాల్సిన పోషకాలన్నీ సరిపడా ఉన్నది) అని రాసుందా లేదా చూడండి, అది లేనిది రోజూ తిండికి పనికిరాదు. పెట్ షాపుల్లో తెరిచిన మూట నుంచి కిలో లెక్కన లూజుగా అమ్మేది నేనైతే కొనను, ఎప్పుడు తెరిచారో, డేట్ ఎప్పుడైపోయిందో తెలీదు, మన ఎండలకి దాంట్లో కొవ్వు కవురు వాసన వచ్చేస్తాది.

పెద్ద బ్యాగు చౌక అని 20 కిలోలది ఎత్తుకొచ్చేది కూడా అన్నిసార్లూ లాభం కాదు. తెరిచిన బ్యాగు 4 నుంచి 6 వారాల్లో అయిపోవాల. రోజుకి 240 గ్రాములంటే నెలకి 7 కిలోల చిల్లర, అంటే 10 కిలోలది సరిగ్గా సరిపోతాది. చిన్న కుక్క అయితే వీధిలో ఇంకో ఇద్దరితో కలిసి ఒక పెద్ద బ్యాగు తెచ్చి తెరిచిన రోజే పంచుకోండి. డబ్బాలోకి కుమ్మరించకుండా బ్యాగుతోనే స్టీలు డ్రమ్ములో పెట్టి మూత వేయండి, కింద నీళ్ళ పళ్ళెం పెట్టకపోతే ఎండాకాలం చీమలు పట్టేది గ్యారంటీ.

సగం ప్యాకెట్టు, సగం ఇంటి వంట. వండే ఓపికున్న ఇంటికి ఇది కూడా ఒక మంచి పద్ధతే. పూర్తిగా ఇంటి వంటే పెడితే అన్నం, చికెన్ ఎంత పెట్టినా జింకు, అయోడిన్, విటమిన్ ఈ లాంటివి తక్కువ పడతాయి, అట్ల పెట్టాలనుకుంటే డాక్టర్‌తో మాట్లాడి మినరల్ మిక్స్ రాయించుకోవాల్సిందే. సగం సగం అయితే 15 కిలోల కుక్కకి రోజుకి 120 గ్రాముల డ్రై ఫుడ్, మిగతా సగానికి 50 గ్రాముల బియ్యం వండిన అన్నం, ఎముక లేని చికెన్ 90 గ్రాములు, రెండు స్పూన్ల పెరుగు, ఉడికించిన గుమ్మడికాయో క్యారెట్టో ఒక పిడికెడు, అర స్పూను నూనె. రోజు మార్చి రోజు చికెన్ కొంచెం తగ్గించి ఒక గుడ్డు ఉడకబెట్టి వేయొచ్చు. ఉప్పు, కారం, మసాలా ఏదీ వద్దు.

చికెన్ అంగట్లో స్కిన్‌లెస్ అడక్కండి. మెడ ముక్కలు, కాళ్ళు, కందనకాయ అడగండి, రోజూ పోయే అంగడైతే రేటు చానా తగ్గించి ఇస్తారు. కుక్కర్లో బాగా ఉడికించి, ఎముకలన్నీ తీసేసి, పైన తేలే కొవ్వు గరిటెతో తీసేసి, ఆ నీళ్ళతోనే అన్నం కలపండి. వండిన ఎముక మాత్రం పెట్టొద్దు, పుల్లల్లాగా విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాది. లివర్ చౌకగా వస్తాది కదా అని రోజూ పెట్టేవాళ్ళున్నారు, దాంట్లో విటమిన్ ఏ మరీ జాస్తి, వారానికొకటి రెండుసార్లు చిన్న ముక్క చాలు. గుడ్డు పెంకులు కడిగి, పెనం మీద వేయించి, మిక్సీలో మెత్తగా పొడి చేసి పెట్టుకోండి, సగం సగం పద్ధతిలో రోజుకి పావు టీస్పూన్ కలిపితే ఇంటి వంటలో లేని కాల్షియం వస్తాది, బయట కాల్షియం సిరప్ కొనే పని లేదు.

మన తిరుపతి, చిత్తూరు సైడు ఇంకో మాట అంటారు, సంగటి పెడుతున్నాం కదా, రాగుల్లో కాల్షియం ఉంది కదా అని. ఉంది, నిజమే, 100 గ్రాములకి 340 మిల్లీగ్రాముల దగ్గర ఉంటాది, కానీ దాంట్లో ఉండే ఫైటేట్ అనే పదార్థం వల్ల ఒంటికి పట్టేది కొంచెమే. అన్నం బదులు సంగటి ముద్ద పెట్టొచ్చు, దిట్టంగా ఉంటాది, కాకపోతే ఉత్త సంగటి రసంలో ముంచి పెట్టి అదే భోజనం అనుకోవద్దు.

సగం సగం పద్ధతిలో ఎంత మిగులుతాదని అడిగితే, నిజం చెప్పాలంటే చానా తక్కువ. ప్యాకెట్టు సగం 30, ఇంటి వంట సగం ఓ 20, మొత్తం 50, అంటే 60తో పోలిస్తే రోజుకి 10 రూపాయలే, నెలకి 300. గ్యాసు ఖర్చు వేరే. అందుకే ఓపిక లేనోళ్ళు వంట మానేసి ప్యాకెట్టే కొలిచి పెట్టుకోండి, ఏం తప్పు లేదు.

పెద్ద డబ్బు మిగిలేది వేరే చోట. రోజూ ఒక పది రూపాయల తీపి బిస్కెట్ ప్యాకెట్ నెలకి 300, దాంట్లో ఉండేది మైదా, చక్కెర. రోజుకో గ్రేవీ పౌచ్ 40 అనుకుంటే నెలకి 1200. గీత దాటి పోసే డ్రై ఫుడ్ రోజుకి 12 రూపాయలు వేసుకున్నా 360. మొత్తం 1860. గ్రేవీ లేకపోతే తినదు అనేవాళ్ళు చికెన్ ఉడికించిన నీళ్ళు ఉప్పు లేకుండా రెండు గరిటెలు పోయండి, రెండు మూడు రోజులు మొహం తిప్పుకుంటాది, తర్వాత గిన్నె నాకేస్తాది. ట్రీట్ ఇవ్వాలంటే రోజు తిండిలో పదో వంతు దాటకుండా ఉడికిన చికెన్ పీచు, క్యారెట్ ముక్క.

ఫ్రీగా వస్తాది కదా అని పెళ్ళి మండపం బిర్యానీ, సాంబారన్నం పెడితే ఖర్చు తర్వాత వస్తాది. ఉల్లిపాయ, వెల్లుల్లి ఉడికినా సరే కుక్కకీ పిల్లికీ విషమే, రక్తంలో ఎర్ర కణాలు పగిలిపోతాయి. ఇంకోటి, తిరుపతిలో ఉండి లడ్డు లేని ఇల్లు ఉండదు, చుట్టాలొస్తే తెచ్చేది అదే, మిగిలిన ముక్క ప్రసాదం కదా అని కుక్క నోట్లో పెట్టేస్తారు. దాంట్లో ఎండు ద్రాక్ష ఉంటాది, ద్రాక్ష వల్ల కొన్ని కుక్కలకి కిడ్నీలు దెబ్బతింటాయి, ఏ కుక్కకి ఎంత పడితే అవుతాదో ముందే చెప్పలేం, అందుకే డబ్బా ఎత్తున పెట్టండి. పెరుగన్నం మాత్రం తాలింపు, ఉప్పు లేకుండా అయితే హాయిగా పెట్టొచ్చు, పాలు చానా కుక్కలకి పడవు.

పెరటాసి నెల (తమిళ నెల, సెప్టెంబరు, అక్టోబరు మధ్యలో) వచ్చిందంటే మనకి ఇంకో తంటా. శనివారాలు సరే, కొన్ని ఇళ్ళల్లో నెలంతా నీచు రానియ్యరు. ఆ నెలకి వంట ఆపేసి మొత్తం ప్యాకెట్ మీద నడిపించేయండి, అన్నం సాంబారు మీదకి దించొద్దు. నీచు పట్టింపు లేని ఇళ్ళకి అదే లాభం, పెరటాసిలో, కార్తీకంలో గిరాకీ తగ్గి చికెన్ రేటు మామూలుగా దిగుతాది, అప్పుడు రెండు మూడు కిలోలు తెచ్చి ఉడికించి, పూటకెంతో అంత కవర్లలో కట్టి ఫ్రీజర్లో పెట్టుకుంటే నెల రోజులు వస్తాది.

పిల్లి లెక్క పూర్తిగా వేరే. అది మాంసం మీద బతికే జంతువు, పాలన్నం, పెరుగన్నం మీద పెంచితే టారిన్ అనే పోషకం చాలక కళ్ళు పోతాయి, గుండె దెబ్బతింటాది. డబ్బు మిగులుతాదని కుక్క ఫుడ్డే పిల్లికి పెట్టేవాళ్ళున్నారు, దాంట్లో పిల్లికి కావాల్సినంత టారిన్ ఉండదు. మంచి సంగతేందంటే 4 కిలోల పిల్లి తినేది రోజుకి 50, 60 గ్రాముల డ్రై ఫుడ్డే, కిలో 350 అనుకున్నా 20 రూపాయలు, కాబట్టి పిల్లికి వంట లెక్కలు పెట్టుకోవద్దు, పిల్లి ఫుడ్డే కొలిచి పెట్టండి. చేప తెచ్చిన రోజు ముల్లు తీసి ఉడికించిన ముక్క పైన వేయండి. నీళ్ళు మాత్రం రెండు మూడు చోట్ల పెట్టండి, మగ పిల్లి పదే పదే కూర్చుని మూత్రం రాకపోతే రేపు చూద్దాం అనుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి.

ఏది మార్చినా ఒక్కసారిగా మార్చొద్దు, వారం రోజులు పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం పెంచుకుంటా పోండి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటే మిగిలింది మందులకి పోతాది. ఏడాది లోపు కుక్కపిల్లలకి, పిల్లికూనలకి, కిడ్నీనో షుగరో ఉండి డాక్టర్ రాసిన ఫుడ్ తినేవాటికి ఈ లెక్కలేవీ వర్తించవు.

టీకాలు, నట్టల మందు కోసేదాంట్లోకి రావు. కడుపులో పురుగులుంటే మీరు పెట్టిన మంచి తిండి వాటికే పోతాది. తిరుపతిలో ఉండేవాళ్ళకి 1955 నుంచి ఉన్న వెటర్నరీ కాలేజీ ఉంది, ఇప్పుడు శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తా ఉంది, అక్కడ ఆసుపత్రికి పోతే టైం పడతాది గానీ ప్రైవేటు అంత ఖర్చు కాదు. చిత్తూరు సైడు వాళ్ళకి ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉండనే ఉంది. జులై 6 జూనోసిస్ డేకి (జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల గురించి జరిపే రోజు) పశుసంవర్ధక శాఖ వాళ్ళు కుక్కలకి రేబిస్ టీకా ఫ్రీగా వేస్తా ఉంటారు, ఆ వారం కనుక్కోండి. నెలకి 200 మాత్రం దీని పేరున పక్కన పెట్టండి, లేకపోతే రాత్రిపూట ఎమర్జెన్సీ వస్తే మళ్ళీ వడ్డీకే పోవాల.

ఇంక మిగిలిన డబ్బు. అప్పులన్నీ ఒక కాగితం మీద రాసి, పక్కన నూటికి నెలకి ఎంత వడ్డీనో రాయండి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, క్రెడిట్ కార్డు మినిమం కడతా పోతే చానా కార్డులకి మూడు రూపాయలు పైనే. డ్వాక్రా లోను వడ్డీ తక్కువ, దాని కిస్తీ ప్రకారం కట్టుకుంటా పోండి, మిగిలింది మాత్రం వడ్డీ అన్నిటికన్నా జాస్తి ఉన్నదాని అసలు మీదికే పోవాల. బీరువాలో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి మూడు రూపాయల అప్పు తీర్చేసేది కూడా ఆలోచించండి, అక్కడ మామూలుగా రూపాయి లోపే పడతాది. కుక్క ఫుడ్డు మాత్రం ఖాతా మీద తేవద్దు, జీతం పడిన రోజే నెలకి సరిపడా క్యాష్‌కి కొనేయండి.

50 వేలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి, నెలకి 1000 వడ్డీకే పోతా ఉంది. ఆ వడ్డీ ఎప్పట్లాగే కడతా, పైన మిగిల్చిన 1860 నెలనెలా అసలులో కడితే ఏడాదికి 22,320 తగ్గి అప్పు 27,680కి వస్తాది, నెల వడ్డీ 554కి దిగుతాది. కొందరు చిన్న చిన్న మొత్తాలు అసలు కింద తీసుకోరు, ఇస్తే వడ్డీలో జమేసుకుంటారు, అట్లాంటోళ్ళ దగ్గర పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఐదు నెలలు దాచి 9,300 ఒకేసారి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ప్రామిసరీ నోటు వెనక చెల్లు రాయించుకోండి, అసలు కింద అని స్పష్టంగా, తారీకు, సంతకంతో, రాసినాక అక్కడే నిలబడి ఫోన్లో ఫోటో తీసుకోండి.