ఏడాది ఆలస్యమైన యుద్ధానికి ఒక టీ-34

‘ఇలా జరిగి ఉంటే’ అనే ఊహాచరిత్రకు ట్యాంకు స్కేల్ మోడల్ కట్టేటప్పుడు అసలు చరిత్రలో ఒక్క ముడి మాత్రమే విప్పండి. నేను విప్పింది 1941 జూన్ 22. ఆ రోజు జర్మనీ సోవియట్ యూనియన్‌పై దాడి చేయకుండా ఏడాది ఆగిందనుకున్నాను. అప్పుడు సోవియట్ ట్యాంకు టీ-34కు మెరుగైన రూపంగా తలపెట్టిన టీ-34ఎం పని ఆగిపోదు. పాత టీ-34లో చక్రాల స్ప్రింగులు హల్ (ట్యాంకు ఒళ్లు) పక్కల్లో చాలా చోటు తినేసేవి. టరెట్‌లో (గన్ను ఉండే, తిరిగే పైభాగంలో) ఇద్దరే ఉండటంతో కమాండరే గన్ను పేల్చాల్సి వచ్చేది. కొత్త నమూనాలో టోర్షన్ బార్లు (మెలి తిరుగుతూ స్ప్రింగుల్లా పనిచేసే ఉక్కు కడ్డీలు), ముగ్గురు పట్టే టరెట్ అనుకున్నారు. యుద్ధం మీద పడటంతో అది ఉత్పత్తికి రాలేదు.

1:35 స్కేలులో (అసలు సైజులో 35వ వంతు) టీ-34/76 (76 మిల్లీమీటర్ల గన్ను ఉన్న పాత టీ-34) కిట్ ఒకటి, చక్రాల కోసం సోవియట్ భారీ ట్యాంకు కేవీ-1 కిట్ ఒకటి తీసుకోండి. కేవీకి పక్కకు ఆరు చిన్న చక్రాలు, పైన ట్రాకును మోసే రోలర్లు ఉంటాయి. టీ-34ఎం అమరికకు ఇవి బాగా దగ్గర. మొదటి, చివరి చక్రాల కేంద్రాలను పాత చోటే ఉంచి, మధ్య దూరాన్ని ఐదు సమభాగాలు చేయండి. చక్రాలు చిన్నవయ్యాయి కాబట్టి ఇరుసులను కిందికి దించాలి. ఎంత? రెండు రకాల చక్రాల వ్యాసాల తేడాలో సగం. నాకు మూడు మిల్లీమీటర్లకు కాస్త పైన వచ్చింది. ఇది మరిస్తే ట్యాంకు నేలకు కుంగినట్టుంటుంది. టోర్షన్ బార్లు హల్ అడుగున అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. అందుకే ఎడమ, కుడి చక్రాలు సరిగ్గా ఎదురెదురుగా రావు. ఒక వైపు వరుసను రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరపండి. చూసేవారికి నమ్మకం కలిగేది ఇలాంటి చోటనే.

టరెట్ దగ్గర నేను పెద్ద తప్పు చేశాను. మొదటి మోడల్‌కు మోజుతో 85 మిల్లీమీటర్ల గన్ను పెట్టాను. టైగర్ లాంటి జర్మన్ ట్యాంకులు ఎదురయ్యాకే టీ-34కు ఆ గన్ను అవసరమైంది. నా కథలో ఆ యుద్ధమే ఇంకా మొదలు కాలేదు! రెండోసారి పాత 76.2 మిల్లీమీటర్ల ఎఫ్-34 గన్నునే ఉంచి, టరెట్‌ను మాత్రం వెడల్పు చేశాను. పాత టరెట్ రింగు (టరెట్ తిరిగే వలయం) వ్యాసం 1425 మిల్లీమీటర్లు, తర్వాత 85 మిల్లీమీటర్ల గన్నుతో వచ్చిన టీ-34-85 రింగుది 1600. దాదాపు అదే హల్‌పై 1600 రింగు కూర్చుందంటే మన మార్పు సాధ్యమే. తేడా మన స్కేలులో ఐదు మిల్లీమీటర్లు. టరెట్‌ను పొడవునా రెండుగా కోసి మధ్యలో అంత వెడల్పు స్టైరీన్ (ప్లాస్టిక్) పట్టీ అతికించండి, వెనక భాగాన్నీ అంతే పొడిగించండి. పుట్టీ ఆరాక రుద్ది, పైన కమాండర్ కోసం చిన్న గుమ్మటం పెట్టండి.

రంగు మామూలు సోవియట్ ఆకుపచ్చే. వెల్డింగు గీతలను మాత్రం శుభ్రంగా తీర్చండి. 1942లో టీ-34లు మోటుగా తయారవడానికి కారణం తొందర, కొరత, ఫ్యాక్టరీల తరలింపు. ఖార్కొవ్‌లోని 183వ నంబరు ఫ్యాక్టరీ యంత్రాలను 1941 శరదృతువులో ఉరల్ ప్రాంతంలోని నీజ్నీ తగీల్‌కు తరలించారు. నా చరిత్రలో అవి కదలలేదు. అందుకే పీఠం మీది పలకపై ‘ఖార్కొవ్, 1942 వసంతం’ అని రాశాను.